మజ్దా: అందరూ వదిలేసిన ఇంజిన్‌ను పట్టుకున్న హిరోషిమా కంపెనీ

[తెరపై: నలుపు తెలుపు ఛాయాచిత్రం. మూడు చక్రాల సరకు బండి, వెనుక హిరోషిమా కొండలు.]

నమస్కారం. మన ఊళ్లలో 'మజ్దా' అనే పేరు చాలామందికి కారుగా కాక వ్యానుగా తెలుసు. 1983లో పంజాబులో మొదలైన స్వరాజ్ మజ్దా సంస్థ తయారుచేసిన చిన్న లారీలూ మినీబస్సులూ దేశమంతటా తిరిగాయి. ఆ దశకంలోనే మన జహీరాబాద్‌లో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ నిస్సాన్‌తో కలిసి ఆ తరగతి బండ్లనే తయారుచేసింది. అయితే మజ్దా కంపెనీ తన కార్లను భారతదేశంలో అధికారికంగా అమ్మలేదు. అందువల్ల అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన తెలుగువారికి రోజూ కనిపించే ఈ కారు, ఇక్కడున్న మనకు ఇప్పటికీ దాదాపు అపరిచితమే.

జపాన్ కార్ల గురించి మాట్లాడేటప్పుడు టొయోటా అంటే నమ్మకం, సుజుకి అంటే పొదుపు అని చెప్పుకుంటాం. మజ్దాకు ఉన్న పేరు వేరు. కార్లను శ్రద్ధగా గమనించేవారు ఈ కంపెనీని దాని మొండిపట్టు కోసం గుర్తుపెట్టుకుంటారు. ఆ పట్టు దానిని ఒకసారి నిలబెట్టింది, మరోసారి దాదాపు ముంచేసింది. ఎలాగో చూద్దాం.

[తెరపై: కార్కు బెరడు, తర్వాత యంత్రాల కర్మాగారం.]

ఈ కంపెనీ 1920 జనవరి 30న హిరోషిమాలో 'తోయో కార్క్ కోగ్యో' అనే పేరుతో పుట్టింది. పేరులోనే ఉన్నట్టు, అది చెట్టు బెరడు నుంచి కార్కు తయారుచేసే సంస్థ. మరుసటి సంవత్సరం దాని పగ్గాలు చేపట్టిన జూజిరో మత్సుద ఒక జాలరి కుమారుడు. చిన్నతనంలోనే ఒసాకా వెళ్లి కమ్మరి పని నేర్చుకున్నారు. ఇనుముతో చేతులు కాల్చుకుంటూ పెరిగిన మనిషికి కార్కు వ్యాపారం ఎన్నాళ్లు తృప్తినిస్తుంది? ఆయన సంస్థను యంత్ర పరికరాల వైపు మళ్లించారు, 1927లో పేరులోంచి 'కార్క్' అనే మాటను తీసేశారు, 1931లో 'మజ్దా-గో' అనే మూడు చక్రాల సరకు బండిని విడుదల చేశారు. మజ్దా అనే పేరు ప్రాచీన పారశీకుల దైవం అహుర మజ్దా నుంచి వచ్చింది. అది జూజిరో ఇంటిపేరైన మత్సుదకు ఉచ్చారణలో దగ్గరగా ఉండటం కూడా కారణమే.

యుద్ధకాలంలో ఈ కర్మాగారం సైన్యానికి రైఫిళ్లు తయారుచేసింది. ఆ తర్వాత 1945 ఆగస్టు 6 వచ్చింది. ఆ రోజు జూజిరో మత్సుదకు 70 ఏళ్లు నిండాయి. అణుబాంబు పేలిన కేంద్రానికి కర్మాగారం సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, ఫుచూ పట్టణంలో ఉంది. మధ్యలో హిజియామా అనే చిన్న కొండ అడ్డుగా ఉంది. ఆ కొండ, ఆ దూరం కలిసి కర్మాగారపు భవనాలను పూర్తిగా కూలిపోకుండా కాపాడాయి. కానీ మనుషులను కాపాడే కొండ ఏదీ లేదు: నగరంలో ఉన్న ఉద్యోగులూ, వారి కుటుంబాలవారూ ఎందరో చనిపోయారు. నగరంలో నిలిచి ఉన్న పెద్ద భవనాలు అరుదు కావడంతో హిరోషిమా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం వంటి పాలనా విభాగం) ప్రభుత్వ కార్యాలయం ఈ కంపెనీ భవనంలోకి మారి, 1946 జూలై వరకు అక్కడి నుంచే పాలన సాగించింది. బాంబు పడిన నాలుగు నెలలకే, అదే ఏడాది డిసెంబరులో, మూడు చక్రాల బండ్ల తయారీ మళ్లీ మొదలైంది. ఇటుకలు, కలప, బియ్యం మోయడానికి బండ్లు కావలసిన నగరంలో ఆ తయారీకి ఎంత విలువ ఉందో ఊహించవచ్చు.

మజ్దాను గురించి చెప్పేవారు ఈ భాగాన్ని తొందరగా దాటేస్తారు. ఇక్కడ ఆగకపోతే తర్వాతి కథ అర్థం కాదని నేను అనుకుంటాను. ఆ ఊరికీ ఆ కంపెనీకీ మధ్య ఏర్పడిన బంధం మామూలు యజమాని, ఉద్యోగుల బంధం కాదు. ఆ ఊరి బేస్‌బాల్ జట్టు హిరోషిమా తోయో కార్ప్ తొలి రోజుల్లో డబ్బు లేక మూతపడే స్థితికి వచ్చినప్పుడు, మైదానం ముందు పెట్టిన పీపాలలో ప్రజలు చిల్లర నాణేలు వేసి దానిని బతికించుకున్నారు. ఆ జట్టు పేరులోని 'తోయో' ఈ కంపెనీ పాత పేరు నుంచి వచ్చినదే.

[తెరపై: సాధారణ పిస్టన్ ఇంజిన్ కదలిక, పక్కనే రోటరీ ఇంజిన్ కదలిక.]

1960లో కంపెనీ తన తొలి ప్రయాణికుల కారు 'ఆర్360 కూపే'ను విడుదల చేసింది. అది 356 సీసీ ఇంజిన్ ఉన్న బుల్లి కారు. అప్పటికి జపాన్ పరిశ్రమల మంత్రిత్వ శాఖ, కార్ల కంపెనీలు ఎక్కువైపోయాయనీ, వాటిని కొన్ని పెద్ద సమూహాలుగా కుదించాలనీ ఆలోచిస్తోంది. అలా జరిగితే హిరోషిమా కంపెనీ ఎవరో పెద్దవారిలో కలిసిపోవలసి వచ్చేది. జూజిరో తర్వాత అధ్యక్షుడైన సునేజి మత్సుద ఒక నిర్ణయానికి వచ్చారు: ఇంకెవరి దగ్గరా లేని సాంకేతికత తమ దగ్గర ఉంటేనే తమను విడిగా బతకనిస్తారు. ఆ సాంకేతికత కోసం ఆయన పశ్చిమ జర్మనీకి వెళ్లారు. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి ఎన్‌ఎస్‌యూ కంపెనీ రూపొందిస్తున్న రోటరీ ఇంజిన్‌కు 1961లో లైసెన్సు ఒప్పందం కుదిరింది.

రోటరీ అంటే ఏమిటో ఇక్కడ కాస్త నెమ్మదిగా చూద్దాం. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ పైకి వెళ్లి, ఆగి, కిందికి వచ్చి, మళ్లీ ఆగుతుంది. ఆ కదలికను క్రాంక్‌షాఫ్ట్ గుండ్రని తిరుగుడుగా మారుస్తుంది. రోటరీలో పిస్టనూ లేదు, వాల్వులూ లేవు. రెండు గింజల వేరుసెనగకాయను నిలువునా చీల్చినప్పుడు కనిపించే ఆకారంలో ఒక గది ఉంటుంది. ఆ గదిలో, పక్కలు కొద్దిగా ఉబ్బిన త్రికోణంలా ఉండే రోటర్ తిరుగుతుంది. రోటర్ మూడు కొసలూ ఎప్పుడూ గది గోడను తాకుతూనే ఉంటాయి కనుక గది ఎల్లప్పుడూ మూడు భాగాలుగా విడిపోయి ఉంటుంది. ఒక భాగంలో గాలీ ఇంధనమూ లోపలికి వస్తుండగా, రెండో భాగంలో అవి నొక్కుకుపోతూ మండుతుంటాయి, మూడో భాగంలోంచి పొగ బయటకు పోతుంటుంది. రోటర్ ఒక చుట్టు తిరిగితే మూడుసార్లు శక్తి పుడుతుంది. ఇంజిన్ చిన్నది, తేలికైనది, కదిలే భాగాలు తక్కువ, అదురు దాదాపు ఉండదు.

కాగితం మీద ఇంత అందంగా ఉన్న ఇంజిన్ పరీక్షల్లో మాత్రం నరకం చూపించింది. రోటర్ కొసల దగ్గర వాయువు పక్క భాగంలోకి పోకుండా ఆపే పట్టీలు, అంటే అపెక్స్ సీళ్లు, గోడ మీద రాసుకుంటూ వణికి, లోహం మీద వరుస వరుసలుగా గాట్లు పెట్టాయి. ఇంజనీర్లు వాటికి 'దయ్యపు గోటిగాట్లు' అని పేరు పెట్టుకున్నారు. 1963లో రోటరీ పరిశోధన విభాగాన్ని ఏర్పాటు చేసి, దానికి కెనిచి యామమోతోను అధిపతిగా నియమించారు. ఆయన కింద 47 మంది ఇంజనీర్లు పనిచేశారు. జపాన్‌లో 47 అనే సంఖ్యకు ప్రత్యేకమైన బరువు ఉంది: ప్రభువు కోసం ప్రాణాలొడ్డిన 47 మంది రోనిన్‌ల, అంటే ప్రభువును కోల్పోయిన సమురాయ్‌ల, కథ అక్కడ ప్రతి ఇంటా తెలుసు. ఈ బృందాన్ని కూడా ఆ పేరుతోనే పిలిచారు.

వారు తొలుత కనుగొన్నది, గాట్లకు కారణం సీలు గట్టితనం కాదనీ, అది తన సహజ పౌనఃపున్యంలో, అంటే తనంతట తాను ఊగే వేగంలో, కంపించడమనీ. సీలు లోపల నిలువుగా, అడ్డంగా రంధ్రాలు చేస్తే ఆ కంపనం మారి గాట్లు ఆగిపోయాయి. చివరికి అల్యూమినియం కలిపిన కార్బన్ సీళ్లను రూపొందించి అమ్మకానికి పనికొచ్చే ఇంజిన్‌ను తయారుచేశారు. 1967 మే 30న 'కాస్మో స్పోర్ట్' విడుదలైంది: 491 సీసీల రోటర్లు రెండు, 110 అశ్వశక్తి, రెండు రోటర్ల ఇంజిన్‌తో అమ్మకానికి వచ్చిన ప్రపంచపు తొలి కార్లలో ఒకటి. మరుసటి ఏడాది జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో 84 గంటల ఓర్పు పందెంలో రెండు కాస్మోలు దిగాయి. ఒకటి 82వ గంటలో ఆగిపోయింది, రెండోది నాలుగో స్థానంలో గమ్యం చేరింది. రోటరీని కనిపెట్టిన ఎన్‌ఎస్‌యూ మాత్రం, 'రో80' కారు ఇంజిన్ సమస్యల భారం మోయలేక 1969లో వోక్స్‌వ్యాగన్ సమూహంలో కలిసిపోయింది.

[తెరపై: 1973 నాటి అమెరికా పెట్రోలు బంకు ముందు కార్ల బారు.]

గెలిచిన పట్టు ఎప్పుడు వదలాలో తెలియకపోతే ఏమవుతుందో 1973 చూపించింది. ఆ ఏడాదికి కంపెనీ తన చిన్నా పెద్దా కార్లన్నిటికీ రోటరీని విస్తరిస్తూ, అమెరికాలో వేగంగా పెరుగుతోంది. రోటరీలో మంట మండే చోటు పొడవుగా, పలచగా ఉంటుంది; మంట మూలలకు చేరకముందే కొంత ఇంధనం మండకుండానే పొగతో బయటకు పోతుంది. చమురు ధర ఎగసిన రోజున ఈ లోపం ఒక్కటే కొనుగోలుదారులకు కనిపించింది. అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటించిన మైలేజీ అంకెలు రోటరీ కార్లను మరింత దెబ్బతీశాయి, అమ్మకాలు కుప్పకూలాయి. సుమితోమో బ్యాంకు ముందుకు వచ్చి కంపెనీని నిలబెట్టింది; కర్మాగారపు ఉద్యోగులను కార్లు అమ్మడానికి దేశమంతటా విక్రయ కేంద్రాలకు పంపారు; 1977లో మత్సుద కుటుంబపు మూడో తరం అధ్యక్షుడు కోహేయ్ మత్సుద పదవి విడిచారు; 1979లో ఫోర్డ్ సుమారు నాలుగో వంతు వాటా కొన్నది. జనరల్ మోటార్స్ సహా రోటరీ మీద ఆశలు పెట్టుకున్న పెద్ద కంపెనీలన్నీ ఆ దశకంలో చేతులెత్తేశాయి. హిరోషిమా మాత్రం మైలేజీని 40 శాతం మెరుగుపరచాలని లక్ష్యం పెట్టుకుని, 1978లో 'ఆర్‌ఎక్స్-7' స్పోర్ట్స్ కారుతో రోటరీని తిరిగి తెచ్చింది. అయితే ఈసారి రోటరీని ప్రధానంగా స్పోర్ట్స్ కార్లకు ఉంచి, చాలా ఇంటి కార్లకు పిస్టన్ ఇంజిన్లే వాడారు. ఆ తెలివిని నేను పట్టుదల కంటే గొప్పదిగా లెక్కిస్తాను.

[తెరపై: ఆకుపచ్చ, నారింజ రంగుల 787బి పందెపు కారు.]

1991 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లీ మాన్స్ 24 గంటల పందేన్ని 55వ నంబరు మజ్దా 787బి గెలిచింది. ఫోల్కర్ వైడ్లర్, జానీ హెర్బర్ట్, బెర్ట్రాన్ గాషో వంతులవారీగా నడిపి 362 చుట్లు పూర్తిచేశారు. చివరి వంతు నడిపిన హెర్బర్ట్ ఒంట్లో నీరు ఇంకిపోయి కుప్పకూలడంతో విజయ వేదిక కూడా ఎక్కలేకపోయారు. ఆ పందెం గెలిచిన తొలి జపాన్ కంపెనీ మజ్దా. టొయోటాకు ఆ గెలుపు 2018 వరకు దక్కలేదు. ఓడినవారు అసూయతో రోటరీని నిషేధించారని తరచూ వింటుంటాం. అది సరికాదు. 3.5 లీటర్ల పిస్టన్ ఇంజిన్లకే చోటిచ్చే నియమాలు ఆ పందేనికి ముందే నిర్ణయమయ్యాయి. మజ్దా బృందం అదే తన చివరి అవకాశమని తెలిసే అక్కడికి వెళ్లింది, పైగా పోటీదారుల కంటే తక్కువ బరువుతో నడిచే వెసులుబాటును ముందుగానే సాధించుకుంది.

మజ్దాకు రెండో ప్రతిష్ఠ 'ఎంఎక్స్-5' నుంచి వచ్చింది. బాబ్ హాల్ అనే అమెరికా పాత్రికేయుడు, బ్రిటిష్ వారి పాత టాపు లేని రెండు సీట్ల కార్ల వంటిది ఇప్పుడెవరూ తయారుచేయడం లేదని 1979లో యామమోతోకు చెప్పారు. పదేళ్ల తర్వాత, 1989 ఫిబ్రవరిలో, షికాగో ప్రదర్శనలో ఆ కారు కనిపించింది. అందులో అబ్బురపరిచే సాంకేతికత ఏదీ లేదు. తక్కువ బరువు, ముందు ఇంజిన్, వెనుక చక్రాలకు శక్తి, చేతికి చక్కగా అమరే గేర్ కడ్డీ మాత్రమే ఉన్నాయి. గుర్రమూ రౌతూ ఒకటే అయిపోవడాన్ని సూచించే 'జిన్బా ఇత్తై' అనే జపాన్ మాటను దాని రూపకర్తలు లక్ష్యంగా పెట్టుకున్నారు. 2016లో పది లక్షలవ కారు తయారైంది, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అత్యధికంగా అమ్ముడైనదిగా గిన్నిస్ రికార్డు దానిదే.

ఆ తర్వాతి కాలాన్ని క్లుప్తంగా చెబుతాను. జపాన్‌లో ఒకేసారి ఐదు వేర్వేరు పేర్లతో విక్రయ శ్రేణులు నడపాలన్న అత్యాశ, అక్కడి ఆర్థిక బుడగ (భూములు, షేర్ల ధరల అతి పెరుగుదల) పగలడంతో నష్టాల్లో ముగిసింది. 1996లో ఫోర్డ్ వాటా 33.4 శాతానికి చేరి, హెన్రీ వాలెస్ రూపంలో పెద్ద జపాన్ కార్ల కంపెనీకి తొలిసారి విదేశీ అధ్యక్షుడు వచ్చారు. 2008 నుంచి ఫోర్డ్ దశలవారీగా తప్పుకుంది. ఒంటరిగా మిగిలిన మజ్దా, బ్యాటరీ కార్లకు చాలినంత డబ్బు లేక, ఉన్న పెట్రోలు ఇంజిన్‌నే మొదటి నుంచి తిరిగి ఆలోచించింది. మిత్సువో హితోమి నాయకత్వంలో పుట్టిన 'స్కైయాక్టివ్' పెట్రోలు ఇంజిన్‌లో నొక్కుడు నిష్పత్తి, అంటే మండే ముందు గాలీ ఇంధనమూ ఎన్ని రెట్లు నొక్కుకుపోతాయన్న లెక్క, 14:1. అప్పటి మామూలు పెట్రోలు ఇంజిన్లలో అది 10, 11 దగ్గర ఉండేది. డీజిల్‌లో మాత్రం ఆ నిష్పత్తిని తగ్గించి అదే 14:1కి తెచ్చారు.

ఇప్పటి ప్రతిష్ఠ ఏమిటంటే, నడపడానికి ఇంపైనదీ, ధరకు మించిన లోపలి నాణ్యత ఉన్నదీ అని. అమెరికాలో వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ 2020లో నమ్మకం విషయంలో మజ్దాకు మొదటి స్థానం ఇచ్చింది. మచ్చలూ ఉన్నాయి. మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పుకు 2000ల నాటి మజ్దా కార్లు తొందరగా తుప్పు పట్టేవన్న అపకీర్తి ఇంకా పోలేదు. 2024లో జపాన్‌లో కార్ల ధృవీకరణ పరీక్షల్లో అవకతవకలు బయటపడిన కంపెనీల్లో మజ్దా కూడా ఉంది. ఏడాదికి పన్నెండు, పదమూడు లక్షల కార్లు అమ్మే ఈ కంపెనీకి, కోటి దాకా అమ్మే టొయోటాలాగా తప్పులు తట్టుకునే వెసులుబాటు లేదు. 2017లో ఆ టొయోటాయే మజ్దాలో సుమారు 5 శాతం వాటా తీసుకుంది.

[తెరపై: ఒకే రోటర్ ఉన్న ఇంజిన్, దాని పక్కన విద్యుత్ మోటారు.]

2012లో 'ఆర్‌ఎక్స్-8' తయారీ ఆగడంతో రోటరీ ముగిసిందని అందరూ అనుకున్నారు. 2023లో అది హిరోషిమాలో మళ్లీ తయారీకి వచ్చింది. 'ఎంఎక్స్-30' అనే విద్యుత్ కారులో 830 సీసీల ఒకే ఒక్క రోటర్ చక్రాలను తిప్పదు, బ్యాటరీని నింపే జనరేటర్‌ను మాత్రమే తిప్పుతుంది. వేగం మాటిమాటికీ మారనవసరం లేని ఆ పనిలో రోటరీ పాత ఆకలి కొంత తగ్గుతుంది, ఇరుకు చోటులో ఇమిడిపోయే దాని గుణం అక్కరకొస్తుంది. 2024 ఫిబ్రవరి 1న కంపెనీ రోటరీ అభివృద్ధి బృందాన్ని తిరిగి ఏర్పాటు చేసింది. ఈసారి అందులో 36 మంది ఇంజనీర్లున్నారు.