కుమానో దారిలో 99 గుళ్లు లేవండీ బాబూ!

నమస్తే అండీ. ఇవాళ కాస్త కోపం తీర్చుకుందామని కూర్చున్నాను.

జపాన్‌లో కుమానో కోదో అనే పాత యాత్రాదారి నడిచొచ్చానని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఆ 99 గుళ్ల దారేనా? అన్నీ చూశావా?" రీల్స్‌లో కూడా ఇదే గోల. ఒకాయనైతే 99 గుళ్లు తొమ్మిది రోజుల్లో ఎలా చూడాలో ప్లాన్ వేసి పెట్టాడు, రోజుకి 11 చొప్పున. లెక్క బాగానే ఉంది, గుళ్లే లేవు. ఈ విషయంలో మా పిన్ని ఏమందో చివర్లో చెప్తాను.

ముందు ఆ 99 సంగతి. జపనీస్‌లో 'కుజుకు ఓజి' అంటారు. కుజుకు అంటే 99 అనే మాట నిజమే. కానీ మనం "సవాలక్ష పనులున్నాయి" అంటే ఎవరైనా లక్షా పాతిక వేలు లెక్కపెడతారా? ఇదీ అంతే. బోలెడన్ని అని అర్థం. ఆ సంఖ్య కాలాన్ని బట్టి పెరిగింది, తగ్గింది. లెక్క తేల్చాలని బయల్దేరినవాళ్లు ఎవరూ తేల్చలేదు.

ఇక ఓజి. ఆ మాటకి రాకుమారుడు అని అర్థం. దారి పొడవునా ఉండే చిన్న గుళ్లని అలా అంటారు. కుమానోలో మూడు పెద్ద క్షేత్రాలున్నాయి: హోంగూ, హయతమ, నాచి. అక్కడి దేవుళ్లకి ఈ ఓజిలు పిల్లల్లాంటివాళ్లు. క్యోటో నుంచి వచ్చే యాత్రికులు దారిలో ఒక్కో ఓజి దగ్గర ఆగి, దండం పెట్టుకుని, కాస్త ఊపిరి పీల్చుకుని కదిలేవారు. అంటే ఓజి గమ్యం కాదు, హాల్టు. నన్నడిగితే కుమానో కోదో ఒక ప్యాసింజరు బండి. ప్రతి స్టేషన్లో ఆగుతుంది, అదే దాని పని. "99 స్టేషన్లు చూశారా?" అని ప్యాసింజరు దిగినవాణ్ని ఎవరైనా అడుగుతారా? ఎక్కావు, ఆగింది, కదిలింది, దిగావు. అంతే కదా!

సరే, నేను నడిచిన రోజు చెప్తాను, అప్పుడు అర్థమవుతుంది. ఒక్కదాన్నే వెళ్లాను. కుమానో కోదో ఒక దారి కాదు, చాలా దారులున్నాయి. నేను పట్టుకున్నది నాకహెచి, అంటే గద్దె దిగిన చక్రవర్తులు నడిచిన దారి. ముందు రోజు రాత్రి తనాబె ఊళ్లో ఉండి, పొద్దున్నే బస్సెక్కితే 40 నిమిషాల్లో తకిజిరి. బస్సు దిగినచోట రెండు నదులు కలుస్తాయి. పాతకాలంలో యాత్రికులు ఆ నీళ్లలో మునిగి శుద్ధి చేసుకున్నాకే పైకి కదిలేవారు. నేను చేతులు ముంచాను. నవంబరు నీళ్లండీ, అంతకంటే భక్తి నావల్ల కాలేదు.

తకిజిరి ఓజి మామూలు హాల్టు కాదు, జంక్షన్. ఓజిలన్నిట్లో పెద్దహోదా ఉన్నవి అయిదున్నాయి, అందులో ఇదొకటి. ఇక్కడ చక్రవర్తి గారి బృందం ఆగితే మంత్రాలు చదివి, దండం పెట్టి వెళ్లిపోవడం ఉండేది కాదు. నాట్యాలు జరిగేవి, రాత్రి కవిసమ్మేళనం పెట్టేవారు. చలిలో, కాళ్ల నొప్పులతో, 31 అక్షరాల పద్యం అప్పటికప్పుడు అల్లి వినిపించాలి. ఇది ఊరికే చెప్పట్లేదు. 1201లో అప్పటికే గద్దె దిగిన గోతోబా చక్రవర్తి వెంట తెయికా అనే పెద్ద కవి వచ్చి డైరీ రాశాడు. ఆ డైరీ నిండా అలసట, అనారోగ్యం. రానూపోనూ మూడు వారాల పైచిలుకు ప్రయాణం. పాపం తెయికాకి అదొక్కసారే, గోతోబా మాత్రం మొత్తం 28 సార్లు వచ్చాడు. ఆయన తాత గోషిరకావా 30 సార్లు దాటేశాడు. సీజన్ పాస్ ఉన్నవాళ్లు కూడా అన్నిసార్లు ఎక్కరు!

గుడి వెనక నుంచే ఎక్కుడు మొదలు. వేళ్లు మెట్లలాగా, రాళ్లు మెట్లకి అడ్డంలాగా ఉంటాయి. పదిహేను నిమిషాల్లో చొక్కా తడిసిపోయింది. ఒక పెద్ద బండ దగ్గర ఆగాను. దాని పేరు తైనాయి కుగురి, గర్భంలోంచి దూరి బయటికి రావడం అన్నమాట. ఆడవాళ్లు దీంట్లోంచి దూరితే సుఖప్రసవం అవుతుందని నమ్మకం. నాకు ఆ అవసరం లేదు కానీ, ఇంతదూరం వచ్చి వదిలేస్తామా? బ్యాగు బయట పెట్టి పాక్కుంటూ లోపలికి వెళ్లాను. లోపల చల్లగా, తడిమట్టి వాసన. బయటికి వచ్చే కంత చూస్తే తల పడుతుందా లేదా అన్నట్టుంది. ముందు ఒక చెయ్యి, తర్వాత తల, తర్వాత రెండో భుజం. మోచెయ్యి గీరుకుపోయింది. బయట పడ్డాక పైన దేవదారు కొమ్మల సందులోంచి వెలుతురు మొహం మీద పడింది. నిజంగానే కాసేపు ఎవరో ఇప్పుడే కన్నట్టు కళ్లు చిట్లించి కూర్చున్నాను.

పక్కనే పాలబండ ఉంది. హిదెహిరా అనే ప్రభువు భార్య యాత్రకి వచ్చి ఇక్కడే బిడ్డని కన్నదట. మొక్కు తీర్చుకోవాలి కాబట్టి బిడ్డని గుహలో వదిలి ముందుకెళ్తే, తోడేలు కాపలా కాసింది, బండలోంచి కారిన పాలు బిడ్డ తాగాడు, వాళ్లు తిరిగొచ్చేసరికి క్షేమంగా ఉన్నాడు. కథ అందంగా ఉంది. బాలింతని కొండెక్కించిన ఆ మొగుడి మీద నాకు మాత్రం మంట తగ్గలేదు.

ఇక్కడ చెక్కపెట్టె సంగతి చెప్పాలి. ప్రతి ఓజి దగ్గరా పిచ్చుకగూడులాగా, చిన్న పైకప్పుతో ఒక పెట్టె నిలబెట్టి ఉంటుంది. లోపల రబ్బరు ముద్ర, ఇంకు ప్యాడు. మన పుస్తకంలో మనమే వేసుకోవాలి. చూసేవాళ్లు లేరు, టీసీ లేడు. రెండో హాల్టు నెజు ఓజి దగ్గర ప్యాడు ఎండిపోయి ఉంది. ముద్ర మీద "హా" అని రెండుసార్లు ఊది, బలంగా అదిమితే సగం పడింది. ఇప్పుడు పుస్తకం తెరిస్తే నాకు అన్నిటికంటే నచ్చేది ఆ సగం ముద్రే. ఇంతకీ అక్కడ ఏముందో తెలుసా? ఒక రాయి. పేరు చెక్కిన రాయి, చుట్టూ నాచు. గుడి ఎప్పుడో పోయింది. చాలా ఓజిలు ఇప్పుడు ఇంతే. 99 గుళ్లని వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఈ రాయి ముందు నిలబడి "అంతేనా?" అంటాడు. అంతే. బండి అర నిమిషం ఆగే హాల్టులో ఏముంటుంది, ఒక బోర్డు, ఒక చెట్టు!

నాలుగు కిలోమీటర్లు నడిస్తే తకహారా, కొండ అంచున ఊరు. పొగమంచు ఊరని ముద్దుగా పిలుస్తారు. ఇక్కడ ఎర్రరంగు గుడి, పెద్దపెద్ద కర్పూర వృక్షాలు ఉన్నాయి. తమాషా ఏంటంటే, దారిలో ఇంత నిండుగా ఉన్న ఈ గుడి ఓజి కాదు! చూశారా, ఓజిలో గుడి లేదు, గుడి ఉన్నచోట ఓజి లేదు. లెక్కల మాస్టార్లు గమనించాలి.

భోజనం మెహరి జుషి. ఆవాకు జాతి ఆకుని ఊరబెట్టి, అందులో అన్నం ముద్ద చుడతారు. మెహరి అంటే కళ్లు పెద్దవి చేయడం. అంత పెద్ద ముద్ద కొరకాలంటే నోటితోపాటు కళ్లూ తెరుచుకుంటాయి మరి. ఆకు కొరికితే ముందు ఉప్పు, తర్వాత ముక్కులోకి చిన్న ఆవఘాటు. లోపల అన్నంలో అదే ఆకు కాడలు సన్నగా తరిగి కలిపారు. మా ఇంట్లో చద్దన్నంలో ఆవపెట్టిన కూర నంజుకునేవాళ్లకి ఇది వెంటనే నచ్చుతుంది.

తర్వాత అడవి. ఇక్కడ ఒక మాట, వెయ్యేళ్ల అడవి అని వీడియోల్లో చెప్తుంటారు. దారి వెయ్యేళ్లది. చెట్లు చాలాచోట్ల రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప కోసం వరసగా నాటినవి. గీత గీసినట్టు నిలబడి ఉంటాయి. అందం తగ్గదు, కానీ అబద్ధం ఎందుకు? 500 మీటర్లకొక నంబరు గుంజ ఉంటుంది, తప్పిపోయే టెన్షన్ లేదు. దైమొన్, జూజో, ఒసకమొతో ఓజిలు వరసగా వస్తాయి. జూజో దగ్గర మనిషి జాడ లేదు. ఎలుగుబంట్లు దగ్గరికి రాకుండా నా బ్యాగుకి కట్టుకున్న గంట ఒక్కటే మోగుతోంది. కూర్చుని కాళ్లు చాపుకున్నాను. ప్యాసింజరు బండిని క్రాసింగ్ కోసం ఆపేస్తే ఎలా ఉంటుందో, అలా. ఎక్స్‌ప్రెస్ ఏదీ రాలేదు, నేనే లేచాను.

అయ్యో, టైమ్ అయిపోతోంది. మిగతాది గబగబా చెప్పేస్తాను.

ఈ లైన్ ఎలా మూతపడింది? 1221లో గోతోబా యుద్ధంలో ఓడిపోయి ఓకి ద్వీపానికి ప్రవాసం వెళ్లాడు. రాచయాత్రలు చల్లబడ్డాయి. సమురాయిలు, తర్వాత మామూలు జనం వచ్చారు. చీమల బారులాగా అనేవారు. 1906 నుంచి ప్రభుత్వం చిన్న గుళ్లని పెద్దవాటిలో కలిపేయమంది. హాల్టులన్నీ ఎత్తేసి జంక్షన్లు ఉంచినట్టు. గుడి పోతే గుడి చుట్టూ ఉన్న చెట్లు కలపకి పోయాయి. తనాబెలో ఉండే మినకతా కుమగుసు అనే ప్రకృతి శాస్త్రవేత్త దీని మీద పోట్లాడి జైలుకి కూడా వెళ్లాడు. చికత్సుయు అనే ఊరు దాటాక త్సుగిజకురా ఓజి దగ్గర ఇప్పటికీ నిలబడి ఉన్న మహావృక్షాలు ఆయన పుణ్యమే. ఆయన మీద విడిగా వీడియో చేస్తాను, ఆయనకి రెండు నిమిషాలు చాలవు.

చివరి స్టేషన్ హోంగూ కూడా చోటు మారింది. 1889 వరదలో నదీతీరంలో ఉన్న గుడి చాలాభాగం కొట్టుకుపోతే, మిగిలినవాటిని 1891లో గుట్టమీదికి మార్చారు. పాతచోట ఇప్పుడు 33.9 మీటర్ల తోరణ ద్వారం ఉంది, 2000లో కట్టింది. యునెస్కో గుర్తింపు 2004లో.

ఒక్కటి మాత్రం వదలను. హోంగూకి కాస్త ముందు ఫుషిఓగామి ఓజి, మన భాషలో ఔటర్. అక్కడినుంచి గుడి కనిపిస్తుంది. ఇజుమి షికిబు అనే కవయిత్రి అక్కడిదాకా వచ్చాక నెలసరి మొదలైందట. ఇక గుడికి వెళ్లకూడదని బాధపడి పద్యం చెప్పుకుంటే, కలలో కుమానో దేవుడు బదులు పద్యం చెప్పాడు: లోకపు దుమ్ములో కలిసిపోయిన దేవుణ్ని, నాకు నెలసరి ఒక అడ్డా, అని. ఇది కథే. కానీ చాలా కొండలు ఆడవాళ్లని గడప తొక్కనివ్వని కాలంలో కుమానో అందరినీ రానిచ్చింది. ఈ కథ పుట్టింది ఆ దారిలోనే.

నా రోజు ముగింపు. హషిఓరి కనుమ దగ్గర చిన్న రాతిబొమ్మ ఉంది, ఎద్దు, గుర్రం రెండిటి మీదా ఎక్కిన పిల్లవాడు. అర మీటరు ఎత్తుంటుందేమో. 986లో గద్దె వదిలి సన్యాసం పుచ్చుకున్న కజన్ చక్రవర్తి రూపం అంటారు. ఆయన ఇక్కడ అన్నం తినబోతే చాప్‌స్టిక్స్ లేవట. పక్కనున్న గడ్డికాడ విరిస్తే దాన్నుంచి ఎర్రగా ఏదో కారింది. "చి క? త్సుయు క?" అన్నాడు. రక్తమా, మంచుబిందువా అని. కనుమకి చాప్‌స్టిక్స్ విరిచిన కనుమ అని పేరొచ్చింది, కింద ఊరు చికత్సుయు అయింది.

మొత్తం 13 కిలోమీటర్లు, ఏడు గంటలు. చికత్సుయు ఓజిలో కూడా గుడి లేదు, చెట్ల కింద పెద్ద రాయి. ఇక్కడ ఇంకు మాత్రం తడిగా ఉంది, ముద్ర నిండుగా పడింది. బసలో వేడినీళ్ల తొట్టెలో కూర్చుని లేచాక పుస్తకం ఫొటో తీసి మా పిన్నికి పంపాను. ఆరు ఓజిలు, ఆరు ముద్రలు, అందులో ఒకటి సగం. కింద ఇవన్నీ, సవాలక్షతో సహా, వివరంగా టైప్ చేశాను.

నిమిషంలో జవాబు వచ్చింది: "బాగుందమ్మా. అయితే ఇంకా 93 ఉన్నాయన్నమాట."