మట్ట రాలితే తప్పెవరిది?

శ్రోతలందరికీ నమస్కారం.

పిల్లలకి చదువూ ఆటలూ నేర్పే చోట్లకి ఉండాల్సిన బీమా గురించి మాట్లాడమన్నారు నన్ను. బీమా అనగానే చాలామంది రేడియో కట్టేసి టీ పెట్టుకోవడానికి లేస్తారని నాకు తెలుసు. ముప్పై ఏళ్లు జనరల్ బీమా ఆఫీసులో పనిచేశాను గానీ, ఆ కబుర్లు మా ఇంట్లోనే ఎవరూ వినలేదు. అందుకని ముందు ఒక కొబ్బరి మట్ట సంగతి చెప్తాను. టీ తర్వాత పెట్టుకోవచ్చు.

రాజోలు వైపు, ఏటిగట్టుకి దగ్గర్లో ఒక ఊరు. అక్కడ ఒక మాస్టారున్నారు. పేరు చెప్పను, చెప్తే ఆయన ఊరుకోరు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఇంటిని ఆనుకున్న కొబ్బరితోటలో రేకుల షెడ్డు వేయించి సాయంత్రం పూట ట్యూషన్ పెట్టారు. తోట ఆయనది కాదు, పక్కవాళ్లది. స్థలం ఊరికే ఇచ్చారు. ఎండాకాలం సెలవుల్లో అక్కడే చదరంగం, బొమ్మలు గీయడం, క్యారమ్స్. నలభై మంది దాకా పిల్లలు. ఇచ్చినవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటారు, ఇవ్వనివాళ్లని అడగరు. ఇలాంటి మాస్టార్లు మన డెల్టాలో ఊరికొకరున్నారు. కోనసీమలో అయితే చెట్టు నీడ తప్పించుకుని ఏ పనీ జరగదు కదా.

ఆషాఢం గాలి మొదలైంది. ఏడో తరగతి పిల్ల ఒకతి నీళ్లు తాగుదామని బోరింగు దగ్గరికి వెళ్లింది. పైన ఎండుమట్ట ఒకటి వేలాడుతోంది. మట్ట అంటే ఏదో ఆకు రాలిందనుకుంటారు పట్నంవాళ్లు. వానకి తడిసిన మట్ట మొదలు ఎంత బరువుంటుందో, దాన్ని వీధిగుమ్మం దాకా ఈడ్చుకొచ్చినవాళ్లకి తెలుసు. అది వచ్చి ఆ పిల్ల భుజం మీద పడింది. తల మీద పడలేదు, అంతవరకు అదృష్టం. భుజం దగ్గర ఎముక విరిగింది.

బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని అమలాపురం తీసుకెళ్లారు. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆరోగ్యశ్రీ లేదా అని మీరడగొచ్చు. వాళ్లు వెళ్లిన ఆసుపత్రి ఆ జాబితాలో లేదు. నెప్పితో ఏడుస్తున్న పిల్లని పట్టుకుని ఎవరండీ జాబితాలు వెతుకుతారు? మొత్తం ముప్పై ఎనిమిది వేలైంది. ఆ పిల్ల తండ్రి రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు మీద పనిచేస్తాడు. అతనికి అది ఎన్ని నెలల జీతమో నేను చెప్పక్కర్లేదు.

నాలుగు రోజుల తర్వాత మాస్టారు మా ఇంటికొచ్చారు. గుడ్డసంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి ఒక కాగితం తీశారు. బీమా పాలసీ. ఏటా ప్రీమియం కడుతున్నారు, ఒక్క ఏడాది తప్పలేదు. నాకైతే ముచ్చటేసింది. పిల్లల కోసం ఊళ్లో ఒక మనిషి ఇంత ముందుచూపుతో ఉన్నాడా అని. కళ్లజోడు పెట్టుకుని చదివాను. చదివాక కాగితం బల్ల మీద పెట్టి, ఆయన మొహం వైపు చూడలేకపోయాను.

అది లయబిలిటీ పాలసీ. అంటే పిల్లలకి చేసిన బీమా కాదు, మాస్టారి మీద కేసు పడితే మాస్టారిని కాపాడే బీమా.

"తప్పు మీదేనా మాస్టారూ?" అనడిగాను.

"గాలికి మట్ట రాలితే నాదేం తప్పండీ?" అన్నారు.

"అయితే కంపెనీ ఏమీ ఇవ్వదండి. మీ తప్పు వల్ల చట్టరీత్యా మీరు నష్టపరిహారం కట్టాల్సి వస్తే, అప్పుడు కడుతుంది."

ఆయన కాసేపు ఆలోచించారు. "పోనీ, తప్పు నాదేనని రాసిచ్చేస్తాను."

"అమ్మో, అలా రాయకండి. కంపెనీని అడక్కుండా తప్పు ఒప్పుకోకూడదు, డబ్బిస్తానని మాటివ్వకూడదు. ఇదిగో, షరతు ఉంది చూడండి."

"తప్పు నాది కాదంటే డబ్బు రాదు. నాదంటే పాలసీకే ముప్పు. మరి ఇది ఎందుకు కట్టినట్టండీ ఇన్నేళ్లు?"

నా దగ్గర సమాధానం ఉంది. పిల్ల తండ్రి మాస్టారికి నోటీసివ్వాలి, అవసరమైతే కేసు వేయాలి. ఎండుమట్ట వేలాడుతోందని ముందే తెలిసి కూడా కోయించలేదని చూపించాలి. నిజానికి తెలుసు కూడా. కిందటి దింపులో, అంటే కాయలు దింపించినప్పుడు, దాన్ని వదిలేశారని ఆ పిల్లలే చెప్పారు. అప్పుడు కంపెనీ వకీలుని పెడుతుంది, తేలితే పరిహారం కడుతుంది. పాలసీ మంచిదే, పనిచేసే పద్ధతి అది. కానీ ఆ తండ్రికి ఈ మాట చెప్తే ఏమన్నాడో తెలుసా? "నాకూ నా కూతురికీ ఎక్కాలు నేర్పిన ఆయన మీద కేసేంటండీ, కళ్లు పోతాయి."

అదండీ మన ఊళ్ల సంగతి. ఎవరో ఒకరు ఎవరో ఒకరి మీద కేసు వేస్తేగానీ కదలని పాలసీ, ఎవరూ ఎవరి మీదా కేసు వెయ్యని ఊళ్లోకి వచ్చి పడింది. ఆఖరికి సగం మాస్టారు కట్టారు, కొంత ఊళ్లో కుర్రాళ్లు పోగుచేశారు, మిగతాది తండ్రి అప్పు చేశాడు. ఇంకో మాట కూడా చెప్పాలి, దాస్తే బాగోదు. ఆ పాలసీ నేను పనిచేసిన ఆఫీసులోంచే వెళ్లింది. అడిగింది ఇచ్చాం. ఏం కావాలో ఆయన్ని మేం అడగలేదు.

లయబిలిటీ పాలసీ వద్దని చెప్పడం లేదు నేను. 2004లో తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఒక బడిలో వంటగది నిప్పు పూరికప్పుకి అంటుకుని 94 మంది పసిపిల్లలు పోయారు. అలాంటి ఘోరంలో తప్పు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది, రావాలి, పరిహారమూ కట్టాలి. పెద్ద బడులు, హాస్టళ్లు, ఈత నేర్పేవాళ్లు, పిల్లల్ని విహారాలకి తీసుకెళ్లే సంస్థలు ఆ పాలసీ లేకుండా ఉండకూడదు. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఒక తికమక ఉంది, అదీ చెప్పేస్తాను. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం అని 1991లో ఒకటొచ్చింది. భోపాల్ దుర్ఘటన తర్వాత, ప్రమాదకర పదార్థాలతో పనిచేసే ఫ్యాక్టరీల కోసం తెచ్చిన చట్టమది. బడికీ ట్యూషన్‌కీ దానితో పనిలేదు.

మాస్టారికి కావాల్సింది ఇంకోటి. పర్సనల్ యాక్సిడెంట్, అంటే వ్యక్తిగత ప్రమాద బీమా. అందులో తప్పెవరిదని అడగరు. మట్టదా, గాలిదా, మాస్టారిదా అని అడగరు. ప్రమాదం జరిగిందా, పిల్ల పేరు జాబితాలో ఉందా, అంతే. పిల్లలందరికీ కలిపి ఒకే గ్రూపు పాలసీగా తీసుకోవచ్చు. బడిపిల్లల కోసం విడిగా పాలసీలు కూడా ఉన్నాయి.

ఇక్కడ కొంచెం చెవి ఇటు పెట్టండి. మామూలు ప్రమాద బీమా దేనికి డబ్బిస్తుంది? ప్రాణం పోతే ఇస్తుంది. చెయ్యో కాలో కన్నో శాశ్వతంగా పోతే ఇస్తుంది. ఎముక విరిగి, ప్లేటు వేసి, మూడు నెలల్లో అతుక్కుంటే? ఏమీ రాదు. ఆ పిల్లకి మామూలు ప్రమాద బీమా ఉన్నా ముప్పై ఎనిమిది వేలల్లో రూపాయి వచ్చేది కాదు. అందుకని పాలసీ తీసుకునేటప్పుడు ఒక్క మాట అడగాలి. "వైద్య ఖర్చులు కలిపారా?" అని. కొంచెం ఎక్కువ ప్రీమియం తీసుకుని కలుపుతారు. మళ్లీ చెప్తున్నాను, రాసుకోండి. వైద్య ఖర్చులు కలిపారా? కలిపితే ఎంతవరకు? పిల్లలకి జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగం విరగడాలు, తెగడాలు, కుట్లు. దేవుడి దయవల్ల అంతే. వాటికి పనికిరాని పాలసీ పిల్లల సంస్థకి ఎందుకండీ?

రెండో సంగతి, వేళ. కొన్ని పాలసీలు బడి జరిగే వేళలకీ, బడి తరఫున వెళ్లే చోట్లకీ మాత్రమే వర్తిస్తాయి. కొన్ని ఇరవై నాలుగు గంటలూ వర్తిస్తాయి. మన దగ్గర పిల్లలు బడికెళ్లడమే ఒక ప్రయాణం. కాలవగట్టు మీద ఆటో, రేవు దగ్గర పడవ, అవతల మళ్లీ నడక. 2018 జులైలో పశువుల్లంక దగ్గర గోదావరిలో పడవ బోల్తా పడి ఇంటికెళ్తున్న బడిపిల్లలు గల్లంతైన రోజు మనవాళ్లెవరూ మరిచిపోలేదు. లంకల్లోంచి పిల్లలొచ్చే బడి అయితే దారి కూడా కలిసే పాలసీ తీసుకోవాలి. ఏమైనా నా మాట ముందు లైఫ్‌జాకెట్, ఆ తర్వాతే పాలసీ.

ఆటోలు, వ్యాన్ల సంగతి క్లుప్తంగా. తెల్ల నంబరు ప్లేటున్న సొంత బండిలో డబ్బు తీసుకుని పిల్లల్ని తిప్పితే ఆ బండి బీమా షరతు తప్పినట్టే. ప్రమాదం జరిగాక కంపెనీ మొట్టమొదట లేవనెత్తే అభ్యంతరం అదే. పసుపు ప్లేటున్న బండి, అందులో పట్టేంతమంది పిల్లలు. ఎంతమంది పడతారో ఆర్‌సీ పుస్తకంలో రాసి ఉంటుంది, డ్రైవర్ని అడిగి తెలుసుకునేది కాదు.

ఇరవై రూపాయల బీమా ఉంది కదా, అది పిల్లలకి కట్టేస్తే పోదా అని నన్ను చాలామంది అడుగుతారు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. చాలా మంచి పథకం, కానీ 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకే. పిల్లలకి రాదు. మీ దగ్గర పనిచేసే ఆయాకి, వంటమనిషికి, వ్యాన్ డ్రైవర్‌కి మాత్రం ఈ వారమే బ్యాంకులో కట్టించండి. వాళ్లు అడగరు, మీరే గుర్తుపెట్టుకోవాలి.

ఆ పథకం నియమాల్లోనే ఒక మాట ఉంది, అది ఏ ప్రమాద బీమాకైనా పనికొస్తుంది. పాము కరిచినా, చెట్టు మీంచి పడినా, కారణం ఏమిటో వెంటనే ఆసుపత్రి కాగితాల్లో ఉండాలి. వరిచేల మధ్య ఉండేవాళ్లం, పాముల సంగతి మనకి వేరే చెప్పాలా? మన అలవాటేమిటంటే, డాక్టరుగారు అడిగితే "ఏదో తగిలిందండీ" అంటాం. అలా అనకండి. "కొబ్బరి మట్ట మీద పడింది, ఫలానా రోజు, ఫలానా చోట" అని చెప్పి చీటీ మీద రాయించండి. ఆ ఒక్క లైను లేక ఆగిపోయిన క్లెయిములు నా టేబుల్ మీంచి ఎన్ని వెళ్లాయో!

ఏ బీమాతోనూ కొనలేనిది కూడా ఒకటుంది. పిల్లల మీద ఎవరైనా అఘాయిత్యం చేస్తే, ఆ చేసినవాణ్ని కాపాడే పాలసీ లేదు, ఉండకూడదు. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసీ పోలీసులకి చెప్పకపోవడం కూడా నేరమే. సంస్థ పరువు అనే మాట అక్కడ ఎత్తకూడదు. పిల్లల సాయం కోసం ఉన్న చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 గోడ మీద పిల్లల కంటికి అందే ఎత్తులో రాసి పెట్టండి.

కంపెనీ క్లెయిము కాదంటే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, ఉన్నారు, యానాం వాళ్లకి కూడా ఆయనే. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆయనకి రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

టైమ్ అయిపోతోందని అద్దం అవతల నుంచి సైగ చేస్తున్నారు. పేర్ల జాబితా సంగతి చెప్పి లేస్తాను.

గ్రూపు పాలసీలో పేరున్న పిల్లకే బీమా. జూన్‌లో పాలసీ తీసుకుంటాం, ఆగస్టులో ఇంకో ఐదుగురు చేరతారు. వాళ్ల పేర్లు కంపెనీకి పంపి, కలిపినట్టు కాగితం తెచ్చుకోవాలి. మా భాషలో దాన్ని ఎండార్స్‌మెంట్ అంటారు. హాజరుపట్టీలో కొత్త పేరు ఎక్కిన రోజే ఇక్కడా ఎక్కాలి.

ఆ మాస్టారు మరుసటి ఏడాది జూన్‌లో మళ్లీ వచ్చారు. అదే గుడ్డసంచి. ఈసారి ఠావు కాగితం మీద, బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో నలభై మూడు పేర్లు. పక్కన పుట్టినతేదీలు, తండ్రి పేర్లు. మొదటి పేరు భుజం విరిగిన పిల్లదే. చివరి పేరు ఒక్కటీ పెన్సిల్‌తో రాసి ఉంది. ఇదేంటండీ అన్నాను.

"ఆ పిల్ల సోమవారం నుంచి వస్తానందండి. ఫీజు ఇంకా కట్టలేదు, వస్తుందో రాదో అని."

పెన్ను తీసి ఆయన చేతికిచ్చాను. ఆ పెన్సిల్ అక్షరాల మీదే దిద్దారు.

నమస్కారం.