అగ్గి నాది, రేకు నాది కాదు

(ఒక పాలిటెక్నిక్ కళాశాలలో ఇంజినీర్స్ డే సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, పొద్దున్నుంచి కుర్చీలు మోసి ఈ హాలు సర్దిన సిబ్బందికి, భోజనం అయ్యాక కూడా ఇంటికి పోకుండా కూర్చున్న పిల్లలకు నమస్కారాలు. విశ్వేశ్వరయ్య గారి గురించి నాకన్నా ముందు మాట్లాడిన ఇద్దరూ చక్కగా చెప్పారు. నేను మళ్లీ ఆ దారిలో వెళ్లను.

నాకిచ్చిన అంశం 'లోహాలకు రక్షణ పూతలు'. గాల్వనైజింగ్, ఎలక్ట్రోప్లేటింగ్, పౌడర్ కోటింగ్, పింగాణీ ఎనామిల్, ఈ నాలుగింటి మీద మాట్లాడదామని కాగితం రాసుకొచ్చాను. మొదటి మూడూ మీ పుస్తకాల్లో ఉన్నాయి. నాలుగోదాని మీద ఒక్క పేరా కూడా లేదని ఇందాక టీ తాగేటప్పుడు మీ లెక్చరర్ గారు చెప్పారు. నేను బతికింది ఆ నాలుగోదాని మీదే. అందుకని నా టైమంతా దానికే ఇస్తాను. మన్నించండి.

ఇదిగో, ఈ ట్రే చూడండి. వెనక వరుసల వాళ్లు కాస్త ముందుకు రండి. ఆసుపత్రిలో నర్సమ్మలు పట్టుకునే కిడ్నీ ట్రే. తెల్లటి ఒళ్లు, నీలం అంచు. మన ఇళ్లలో దీన్ని పింగాణీ అంటారు. కానీ పింగాణీ కప్పు కిందపడితే ముక్కలవుతుంది, ఇది సొట్టపడుతుంది. లోపల రేకు ఉంది, పైన గాజు ఉంది. అంతే. ఇంకో మాట ముందే చెప్పాలి. షాపులో డబ్బాల్లో అమ్మే ఎనామిల్ పెయింటుకూ దీనికీ పేరు తప్ప ఇంకే చుట్టరికమూ లేదు. అది రంగు, బ్రష్షుతో వేస్తాం, ఆరిపోతుంది. ఇది గాజు, ఎర్రగా కాలిన ఇనుముకు కరిగి పట్టుకుంటుంది.

దీన్నెలా చేస్తారో చెబుతాను. ఇసుక, బోరాక్స్, ఫెల్డ్‌స్పార్, సోడా కలిపి దాదాపు 1200 డిగ్రీల దగ్గర కరిగించి, ఆ కరిగిన గాజును చల్లటి నీళ్లలో పోస్తారు. ఒక్కసారిగా చిట్లి పటికబెల్లం పలుకుల్లా అవుతుంది. దాన్ని ఫ్రిట్ అంటాం. ఫ్రిట్‌ను మట్టి, నీళ్లతో కలిపి బాల్ మిల్లులో గంటల తరబడి తిప్పితే మజ్జిగ కన్నా కాస్త చిక్కటి స్లిప్ వస్తుంది. ఇటు రేకుకు నూనె జిడ్డు వదిలించి, యాసిడ్ తొట్టిలో ముంచి తుప్పు తీసి, కడిగి, ఆరబెట్టి, స్లిప్‌లో ముంచుతాం. ఆరాక బట్టీలోకి. 820 డిగ్రీలు, నాలుగు నిమిషాలు.

మొదటి పూత గ్రౌండ్ కోటు, నల్లగానో ముదురు నీలంగానో ఉంటుంది. అందులో కొద్దిగా కోబాల్ట్ ఆక్సైడ్, నికెల్ ఆక్సైడ్ ఉంటాయి. నూటికి ఒకటి రెండు పాళ్లే, కానీ అవి లేకపోతే గాజు ఇనుమును పట్టుకోదు, చల్లారగానే పెచ్చులుగా ఊడిపోతుంది. అవి రేకు ఉపరితలాన్ని సన్నగా గరుకు చేస్తాయి, గాజు ఆ గరుకులో వేళ్లు దింపుతుంది. రెండోది కవర్ కోటు. ఈ తెలుపు ఎక్కడిదనుకుంటున్నారు? టైటానియం డయాక్సైడ్ ముందు గాజులో కరిగి ఉంటుంది. బట్టీలో మళ్లీ వేడెక్కినప్పుడు సన్నటి స్ఫటికాలుగా విడివడుతుంది, అప్పుడు పుడుతుంది తెలుపు. రెండు పూతలూ కలిపి 0.2 మిల్లీమీటర్ల దాకా ఉంటాయేమో. చింతపండు పులుసు దీన్నేమీ చెయ్యలేదు. ఎండకు వెలిసిపోదు. మీ తరగతి గదిలో ఆకుపచ్చ బోర్డుకు అయస్కాంతం అంటుకుంటే అదీ ఈ పూతే కావచ్చు, ఒకసారి చూడండి. మీ ఇంట్లో గీజరు ట్యాంకు లోపల, గ్యాసు పొయ్యి మీద గిన్నె ఆనే నల్లటి స్టాండు మీద కూడా ఉండేది ఇదే.

గాజుకు లాగడం పడదు, నొక్కితే మాత్రం ఎంతైనా ఓర్చుకుంటుంది. అందుకే వేడికి ఇనుముకన్నా కొంచెం తక్కువ సాగే గాజును ఎంచుకుంటాం. చల్లారేటప్పుడు ఇనుము ఎక్కువ ముడుచుకుని గాజును నలువైపుల నుంచీ అదిమి పట్టుకుంటుంది. ఇంత సన్నటి గాజు దశాబ్దాల పాటు పగలకుండా ఉండటానికి కారణం ఆ పట్టు.

ఇక్కడ చార్టు చూపిద్దామనుకున్నాను. చార్టు పక్కన పెడతాను. ఈ ట్రే మూల దగ్గర చూడండి. గోరంత నెలవంక లేచిపోయింది కదా? పక్కన ఇంకోటి, ఇంకోటి. చేప పొలుసుల్లా ఉన్నాయి. మా పనిలో దీన్ని ఫిష్‌స్కేల్ అంటారు. నేను ఇవాళ వచ్చింది దీని గురించి చెప్పడానికే.

ఎనభైల చివర, నా పెళ్లయిన ఏడాది. హైదరాబాద్ శివార్లలో ఒక చిన్న ఎనామిల్ కార్ఖానాలో ల్యాబులో చేరాను. బట్టీ మీద ఒక పెద్దాయన ఉండేవాడు. అందరం బట్టీ మామ అనేవాళ్లం. మీటర్ ఉన్నా ముందు దాని వంక చూసేవాడు కాదు. ఇటుక సందులోంచి లోపలి రంగు చూసి, "ఇంకో కట్టె ఏసుకో బిడ్డా" అనేవాడు, తరవాత మీటర్ చూస్తే సరిగ్గా ఉండేది. ముంజేతుల మీద వెంట్రుకలు ఒక్కటీ ఉండేవి కావు.

ఆ ఏడు శ్రావణంలో ఒక ఆసుపత్రి ఆర్డర్ వచ్చింది, 400 ట్రేలు. రాత్రింబవళ్లు చేశాం. బట్టీలోంచి వచ్చిన ప్రతి ట్రేనూ నేను దీపం కింద తిప్పి చూశాను. ఒక్క మచ్చ లేదు. గడ్డి పరిచి పెట్టెల్లో సర్దేశాం. రెండో రోజు రాత్రి ప్యాకింగ్ గదిలో కాపలా ఉన్నవాడు వచ్చి, "సార్, పెట్టెల్లోంచి చప్పుళ్లొస్తున్నయ్" అన్నాడు. వెళ్లి నిలబడ్డాను. చీకట్లో టిక్, టిక్. ఆగి మళ్లీ టిక్. గోటితో గాజు మీద కొట్టినట్టు. పొద్దున పెట్టెలు తెరిస్తే గడ్డి నిండా తెల్లటి పొలుసులు. 400 ట్రేల్లో సగానికి పైగా పోయాయి.

శనివారం సాయంత్రం యజమాని బట్టీ మామను పిలిచి, "కాల్చడం చెడగొట్టావు" అని లెక్క కట్టి పంపేశాడు. అడిగింది లేదు, విన్నది లేదు. పదకొండేళ్ల పనికి కాగితం ముక్క కూడా లేదు. మామ గట్టిగా ఏమీ అనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఒకే ఒక్క మాట అన్నాడు. "అగ్గి నాది సారు, రేకు నాది గాదు గదా."

పిల్లలూ, ఈ మాట రాసుకోండి. నిజంగానే నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఫిష్‌స్కేల్ ఎందుకొస్తుందో వినండి. ఎర్రగా కాలిన ఇనుము దగ్గర నీటి ఆవిరి ఉంటే ఆక్సిజన్ ఇనుముతో కలుస్తుంది, హైడ్రోజన్ విడిగా మిగులుతుంది. నీరు స్లిప్‌లోని మట్టిలోనే ఉంది, వానాకాలం గాలిలో ఇంకా ఉంది. తుప్పు తీసే యాసిడ్ తొట్టిలో రేకు ఎక్కువసేపు నానినా హైడ్రోజన్ లోపలికి పోతుంది. వేడిగా ఉన్నప్పుడు ఇనుము దాన్ని బోలెడంత తాగుతుంది. చల్లారాక అంత పట్టదు, బయటికి తోస్తుంది. ఈలోగా పైన గాజు గట్టిపడి మూతలా కూర్చుంటుంది. దారి లేక హైడ్రోజన్ గాజుకూ ఇనుముకూ మధ్య పోగవుతుంది. ఒత్తిడి పెరిగి పెరిగి, ఒక గంటకో, ఒక రోజుకో, మూడు రోజులకో గాజును నెలవంకగా ఎగరగొడుతుంది. బట్టీలోంచి వచ్చినప్పుడు మచ్చ లేకపోవడం, పెట్టెలో చప్పుళ్లు రావడం అందుకే.

మంచి ఎనామిల్ రేకులో దీనికి విరుగుడు ముందే ఉంటుంది. కార్బన్ చాలా తక్కువ పెడతారు. రేకును చల్లగా రోలింగ్ చేసేటప్పుడు లోపలి గట్టి రేణువులు నలిగి, వాటి పక్కన కంటికి కనపడని ఖాళీలు ఏర్పడతాయి. హైడ్రోజన్ ఆ ఖాళీల్లో దాక్కుంటుంది, గాజు జోలికి రాదు. యూరప్ వాళ్లు ఇలాంటి రేకుకు ప్రత్యేకంగా ఈఎన్ 10209 అని ప్రమాణమే రాసుకున్నారు. మామూలు బీరువా రేకులో ఆ ఖాళీలు ఉంటాయన్న భరోసా లేదు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెబుతాను. ఇన్నేళ్లలో ఏ సభలోనూ చెప్పలేదు. ఆ ఆర్డర్ మొదలైన రోజు నా రిజిస్టర్లో ఒక లైను ఉంది. "రేకు కొత్త లాటు, వేరే వ్యాపారి." నా చేతిరాతే. యజమాని మామను నిలబెట్టి తిడుతున్నప్పుడు ఆ రిజిస్టర్ నా చంకలోనే ఉంది. నేను తెరవలేదు. అప్పటికి హైడ్రోజన్ సంగతి నాకు పూర్తిగా తెలియదు, కానీ రేకు మారిందని తెలుసు. అద్దె ఇల్లు, కొత్త కాపురం, ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్. ఇవన్నీ నిజాలే. కానీ ఆ లైను చదవడానికి పావు నిమిషం చాలు.

రెండు నెలల తరవాత పాత లాటు రేకు నాలుగు ముక్కలు, కొత్త లాటువి నాలుగు తీసుకున్నాను. ఒకే స్లిప్, ఒకే బట్టీ, ఒకే సమయం. మూడో రోజుకు కొత్తవి నాలుగూ పొలుసులు రాల్చాయి. పాతవి నున్నగా ఉన్నాయి. తీసుకెళ్లి యజమాని బల్ల మీద పెట్టాను. వ్యాపారిని మార్చారు. మామను మాత్రం వెనక్కి పిలవలేదు. నేను వెతుక్కుంటూ వెళ్తే ఇటుక బట్టీ దగ్గర కూలికి పోతున్నాడు. ముక్కలు చూపించాను. చేత్తో తడిమి చూసి, "మంచిగ కాలినయ్" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

కొన్నేళ్లకు మా తమ్ముడు లా చదువుతున్నప్పుడు వాడి పుస్తకంలో 'ఎనామిల్' అన్న పేరు కనపడి లాక్కుని చదివాను. 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, సుర్ ఎనామెల్ అండ్ స్టాంపింగ్ వర్క్స్ కేసు. కార్మికుణ్ణి తీసేసే ముందు జరిపే విచారణ ఎలా ఉండాలో అందులో రాశారు. ఆరోపణ ఏమిటో అతనికి స్పష్టంగా చెప్పాలి. సాక్షులను మామూలుగా అతని ఎదుటే విచారించాలి. వాళ్లను ప్రశ్నించే అవకాశం అతనికివ్వాలి. తన తరఫు సాక్షులను తెచ్చుకోనివ్వాలి, తనూ చెప్పుకోనివ్వాలి. విచారించినవాడు తన నిర్ణయాన్ని కారణాలతో సహా రాయాలి. ఈ అయిదూ దేశంలో కార్మిక చట్టం చదివే ప్రతివాడూ చదువుతాడు. బట్టీ మామకు ఇలాంటి విచారణ జరిగి ఉంటే, రెండో దాని దగ్గరే నా రిజిస్టర్ తెరుచుకునేది.

మెకానికల్ పిల్లలు ఇది మాకెందుకు అనుకోకండి. మీలో చాలామంది జీడిమెట్లకో పాశమైలారానికో బల్క్ డ్రగ్ కంపెనీలకు పోతారు. అక్కడ జీఎల్ఆర్ కనపడుతుంది, గ్లాస్‌లైన్డ్ రియాక్టర్, అంటే లోపల గాజు పూసిన పెద్ద ఉక్కు పాత్ర. అది నా ట్రేకు పెద్దన్న. లోపల గాజు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. నాలుగైదు సార్లకు తగ్గకుండా బట్టీకి వెళ్లి వస్తుంది, 20,000 వోల్టుల స్పార్క్ పరీక్ష తట్టుకుని బయటికి వస్తుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ మరిగినా చెక్కుచెదరదు. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అంటే మాత్రం పారిపోండి, వేడి కాస్టిక్‌తో కూడా జాగ్రత్త.

తరవాత నేను ఆ రియాక్టర్ల సర్వీసులో పనిచేశాను. ఒక ఫ్యాక్టరీలో గాజు రాలిపోయిందని పిలిచారు. వెళ్లేసరికే ఆపరేటర్ పేరు రాసి పెట్టారు, వేడి దాని మీద చల్లటి ద్రావకం పోశాడు, థర్మల్ షాక్ అని. మ్యాన్‌హోల్లోంచి టార్చి వేసి చూశాను. పొలుసులు. అదీ జాకెట్ ఉన్నంత మేరకే, అంటే పాత్ర చుట్టూ నీళ్లు తిరిగే బయటి తొడుగు ఉన్న చోటే. పైభాగం అద్దంలా ఉంది. చల్లటి ద్రావకం పోస్తే గాజు పోవాల్సిన తీరు అది కాదు. జాకెట్ ఎప్పుడు కడిగారని అడిగాను. బోరు నీళ్ల సున్నం పేరుకుంటే వారం కింద యాసిడ్‌తో కడిగారట. బయటి నుంచి యాసిడ్ ఇనుమును తింటే హైడ్రోజన్ పుడుతుంది, గోడలోంచి నడిచి వెళ్లి అవతలి వైపు గాజును తోసేస్తుంది. అందుకే గ్లాస్‌లైన్డ్ జాకెట్‌ను యాసిడ్‌తో కడగొద్దని తయారీదారులు మాన్యువల్లో రాస్తారు. ఎవరూ చదవరు.

ఈసారి రాశాను. సాయంత్రం దాకా కూర్చుని, ఎక్కడ పొలుసు లేచిందో బొమ్మ గీసి, తేదీలు వేసి, కారణం అన్న గడిలో 'జాకెట్ యాసిడ్ క్లీనింగ్' అని రాసి సంతకం పెట్టాను. మేనేజర్ నాతో గంటసేపు వాదించాడు. ఆపరేటర్ కుర్రాడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి పేరు గడిలోంచి కొట్టేసేదాకా నేను బయటికి రాలేదు.

ప్రిన్సిపాల్ గారూ, ఒక్క విన్నపం. మీ ల్యాబులో మఫిల్ ఫర్నేస్ పనిచెయ్యక రెండేళ్లయిందని విన్నాను. బాగు చేయించండి. రెండు రకాల రేకు ముక్కలు, గుప్పెడు ఫ్రిట్ నేను పంపిస్తాను. ఈ పిల్లలు మూడు రోజులు కాపలా కూర్చుని ఆ టిక్ అన్న చప్పుడు ఒక్కసారి చెవులారా వినాలి.

ఈ ట్రే ఆ 400లో ఒకటి. ఇక నుంచి మీ ల్యాబుదే. చివరి వరుస దాకా వెళ్లనివ్వండి. పొలుసు అంచులు పదును, వేలు పెట్టకండి. వెనక్కి తిప్పి చూడండి, అడుగున మూడు చిన్న నల్లటి చుక్కలున్నాయి. బట్టీలో ముళ్ల మీద ఆనిన చోటు అది. పట్టకారుతో తీసి ఆ మూడు ముళ్ల మీద దాన్ని నిలబెట్టింది మామే.