బయాస్ అప్‌డేట్ తర్వాత ఉబుంటు మాయమైందా? ఫార్మాట్ కొట్టకండి, ఇది చూడండి

హాయ్ అండి, వాయిస్ వస్తుందా... ఆ, వస్తుంది. ఇది నా ల్యాప్‌టాప్, ఒకే ఎస్ఎస్‌డీలో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. నిన్న రాత్రి బయాస్ అప్‌డేట్ పెట్టి అన్నానికి వెళ్లా, వచ్చి చూస్తే గ్రబ్ మెనూ, అదే ఆన్ చేయగానే ఉబుంటునా విండోసా అని అడిగే స్క్రీన్, అది లేదు, ఏమీ లేదు, సీదా విండోస్‌లోకి పోయి కూర్చుంది. సరే ఎలాగూ పోయింది కదా, వీడియో చేసేద్దాం అని మొదలుపెట్టా.

ముందు ఒక మాట. మీకు గ్రబ్ మెనూ వచ్చి, ఉబుంటు సెలెక్ట్ చేశాక ఆగిపోతుంటే అది వేరే కథ, ఈ వీడియో మీకు కాదు. మెనూనే రావట్లేదా, అయితే ఉండండి.

ఇదిగో బూట్ మెనూ, నాకు ఎఫ్12, మీకు వేరే కీ ఉండొచ్చు. బయాస్ స్క్రీన్ రికార్డ్ అవ్వదు కాబట్టి ఫోన్‌తో తీశా, కొంచెం ఊగుతుంది, అడ్జస్ట్ అవ్వండి. లిస్టులో విండోస్ బూట్ మేనేజర్ ఒక్కటే ఉంది. ఉబుంటు లేదు. మీకు ఉబుంటు ఉండి కిందకి జరిగితే పైకి జరపండి చాలు, వీడియో ఆపేసి పని చూసుకోండి.

జరిగింది ఏంటంటే, మదర్‌బోర్డు మీద ఎన్‌వీర్యామ్ అని చిన్న మెమరీ ఉంటుంది, ఏ ఓఎస్ ఏ ఫైల్‌తో మొదలవ్వాలో అక్కడ రాసి ఉంటుంది, అప్‌డేట్ అది తుడిచేసింది. డిస్కులో మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇల్లు ఉంది, గేటు మీద నేమ్‌బోర్డు పీకేశారు, అంతే. కొందరు చూరూట్ చేసి, అంటే లైవ్ యూఎస్‌బీ నుంచి డిస్కులోని ఉబుంటులోకి దూరి, గ్రబ్ మొత్తం మళ్లీ ఎక్కించమంటారు చూడండి, దానితో కూడా వస్తుంది, కాదనను, కానీ నేమ్‌బోర్డు కోసం ఇల్లు కట్టడం ఎందుకు.

లైవ్ యూఎస్‌బీ, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిపే పెన్‌డ్రైవ్, పెట్టా, ట్రై ఉబుంటు నొక్కా, టెర్మినల్, కంట్రోల్ ఆల్ట్ టీ. యూఎస్‌బీ యూఈఎఫ్ఐ మోడ్‌లోనే, అంటే కొత్త రకం బయాస్ పద్ధతిలోనే బూట్ అవ్వాలి, లెగసీ అనే పాత పద్ధతిలో అయితే మనకి కావాల్సిన అసలు కమాండ్ పనిచేయదు. ఈ /sys/firmware/efi ఫోల్డర్ కనిపిస్తే ఓకే... కనిపించింది.

ఇప్పుడు ఎల్ఎస్‌బీఎల్‌కే, డిస్కుల లిస్టు చూపించే కమాండ్. ఎన్‌వీఎంఈ డిస్క్, అదే నా ఎస్ఎస్‌డీ, ఉంది, బానే ఉంది. మీకు డిస్కే కనిపించకపోతే భయపడకండి, కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో అప్‌డేట్ తర్వాత స్టోరేజ్ సెట్టింగ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో వీఎండీకో మారిపోతుంది, బయాస్‌లో ముందు ఏది ఉండేదో అదే పెట్టండి. అంతకుముందు బిట్‌లాకర్, అదే విండోస్ డిస్కుకి వేసే తాళం, దాని రికవరీ కీ దగ్గర పెట్టుకోండి, విండోస్ అడగొచ్చు.

ఈ చిన్న ఫ్యాట్32 పార్టిషన్, ఇదే ఈఎఫ్ఐ పార్టిషన్, నాకు పీ1. మౌంట్ చేశా, లోపల ఈఎఫ్ఐ, దాంట్లో ఉబుంటు, దాంట్లో షిమ్ ఎక్స్64 ఫైల్, ఉబుంటు మొదలయ్యేది దీంతోనే. ఉంది కదా? ఉంటే అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు కమాండ్, ఈఎఫ్ఐ బూట్ ఎంజీఆర్ (efibootmgr), ఆ ఎన్‌వీర్యామ్ లిస్టులో రాసేది ఇదే. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే పోయినసారి నేను ఇక్కడే రెండు గంటలు తల కొట్టుకున్నా. మైనస్ సీ అంటే కొత్త ఎంట్రీ, మైనస్ డీ డిస్క్, ఇది ఇవ్వకపోతే అది ఎస్‌డీఏ అనుకుంటుంది, మనది ఎన్‌వీఎంఈ కాబట్టి ఖచ్చితంగా ఇవ్వాలి, మైనస్ పీ పార్టిషన్ నంబర్, పెద్ద ఎల్ పేరు, చిన్న ఎల్ ఫైల్ దారి. ఆ దారి చూడండి, బ్యాక్‌స్లాష్‌లు. చుట్టూ సింగిల్ కోట్స్ చూడండి. జూమ్ చేస్తా... ఇవి. నేను కోట్స్ లేకుండా కొట్టా. ఎర్రర్ రాలేదండి! ఎంట్రీ కూడా వచ్చేసింది, లిస్టులో ఉబుంటు అని ముద్దుగా కనిపిస్తోంది, రీబూట్ చేస్తే మళ్లీ విండోస్. మళ్లీ కొట్టా, మళ్లీ విండోస్. చివరికి అదే కమాండ్‌కి మైనస్ వీ పెట్టి, అంటే ఎంట్రీల పూర్తి వివరాలు చూస్తే తెలిసింది, కోట్స్ లేకపోతే షెల్ బ్యాక్‌స్లాష్‌లు మింగేస్తుంది, ఈఎఫ్ఐ, ఉబుంటు, షిమ్ అన్నీ అతుక్కుపోయి ఒకే పదం అయిపోయింది. అలాంటి ఫైల్ డిస్కులో ఎక్కడుంటుంది చెప్పండి? కాబట్టి కోట్స్. కోట్స్ పెట్టండి. ఎంటర్ కొట్టాక మైనస్ వీ తో చూడండి, స్లాష్‌లు విడివిడిగా ఉన్నాయా... ఉన్నాయి.

తప్పు ఎంట్రీ పడితే మైనస్ చిన్న బీ నంబర్, మైనస్ పెద్ద బీ, పోతుంది. నంబర్ జాగ్రత్త, విండోస్‌ది కొట్టేస్తారు మళ్లీ.

ఈ కమాండ్ మళ్లీ మళ్లీ టైప్ చేయకండి, కంట్రోల్ ఆర్ నొక్కి రెండక్షరాలు కొడితే పాతది వచ్చేస్తుంది, ఇది తెలియక పైకి బాణం కీ అరగదీసేవాళ్లని చాలామందిని చూశా, వాళ్లలో నేనూ ఒకడిని.

రీబూట్. యూఎస్‌బీ పీకా. రావాలి... రావాలి... ఆ, ఊదా రంగు వచ్చేసింది, మెనూ. ఎన్విడియా కార్డు ఉండి లోపలికి వెళ్లాక స్క్రీన్ తేడాగా ఉంటే బయాస్‌లో సెక్యూర్ బూట్, అంటే సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని ఆపే సెట్టింగ్, మళ్లీ ఆన్ అయిందేమో చూడండి, అప్‌డేట్ అదీ మార్చగలదు.

ఇంకోటి, ఇప్పుడే, అంటే మీ సిస్టమ్ బాగా ఉన్నప్పుడే, ఆ మైనస్ వీ అవుట్‌పుట్ ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. నాది వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్నా. సరే అండి, ఉంటా.