మారిస్ ష్వార్ట్జ్‌ది ఓవర్ యాక్షనా?

యాంకర్: సార్, సూటిగా అడుగుతా, యూదుల నాటకరంగం నుంచి వచ్చిన ఈ నటుడు మారిస్ ష్వార్ట్జ్ సినిమాలో ఓవర్ యాక్షన్ చేశాడనే మాట నిజమేనా?

నాటక దర్శకుడు: కొంత నిజమేనండీ, చివరి బెంచీ దాకా వినపడాలని గొంతు పెంచి పెంచి అలవాటైపోయిన మనిషి కదా, 1918లో న్యూయార్క్‌లో యిద్దిష్ ఆర్ట్ థియేటర్ (యిద్దిష్ అంటే తూర్పు యూరప్ యూదుల భాష) పెట్టి, హీరో ఆయనే డైరెక్టర్ ఆయనే, తర్వాత హాలీవుడ్ స్టార్ అయిన పాల్ ముని లాంటి వాళ్లు కూడా అక్కడే రాటుదేలారు.

సినీ విమర్శకురాలు: ఒక్క నిమిషం సార్, 1939 ‘తెవ్యా’ చూసి ఆ మాట అనండి. యిద్దిష్ రచయిత షోలెం అలైఖెమ్ రాసిన, ఉక్రెయిన్ పల్లెలోని యూదు పాలవాడి కథ, 1919లోనే స్టేజి మీద వేశాడు, అంటే ఇరవై ఏళ్లు ఆ పాత్ర ఒంట్లో ఉంది, సినిమాకొచ్చేసరికి అరవాల్సిన పనే లేకపోయింది.

దర్శకుడు: అరిచిన సీన్లు ఉన్నాయి మేడమ్.

విమర్శకురాలు: ఉన్నాయి, కాదనట్లేదు. కానీ యూదులని ఊరొదిలి పొమ్మన్నాక ఇంట్లో సామాను అమ్ముకుంటుంటే ఊళ్లోవాళ్లే వచ్చి అడ్డగోలు బేరాలాడతారు చూడండి, అక్కడ ఆయన మొహం చూడండి చాలు. క్రైస్తవుడిని పెళ్లాడిన కూతురు ఖవా తిరిగొచ్చే సీనూ అంతే, ఆ ఖవా వేసిన అమ్మాయి ఆయనకి సొంత మేనకోడలు.

యాంకర్: షూటింగ్ ఎక్కడ, ఉక్రెయిన్‌లోనా?

దర్శకుడు: ఎక్కడి ఉక్రెయిన్ అండీ, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో జెరికో అనే చోట, పొలంలో! అదీ 1939 వేసవిలో, సెప్టెంబర్ 1న హిట్లర్ పోలండ్ మీద పడ్డాడు, యూనిట్‌లో కొందరి అయినవాళ్లు అక్కడే ఉన్నారు, ఇక్కడ వీళ్లేమో కెమెరా ముందు ఊరొదిలిపోయే కథ చేస్తున్నారు.

యాంకర్: తర్వాత హాలీవుడ్ పిలిచిందా?

విమర్శకురాలు: పిలిచి ఏం లాభమండీ, 1951లో ‘బర్డ్ ఆఫ్ పారడైజ్’లో దీవి పూజారి వేషం, 1953లో ‘సలోమీ’లో రాజుగారి సలహాదారు. సొంత కంపెనీ నడిపినాయనకి ఇచ్చినవి ఇవి, నాకైతే కడుపు మండుతుంది.

దర్శకుడు: 1960లో ఇజ్రాయెల్‌లో పోయాడు. 1926లో ఆయన కోసం న్యూయార్క్ సెకండ్ అవెన్యూలో కట్టిన నాటకశాల మాత్రం ఇంకా ఉందండీ.

యాంకర్: నాటకాలు ఆడుతున్నారా?

దర్శకుడు: లేదు, సినిమా హాల్ చేశారు.