పడ్డాయా? అందాయా?

(ఊళ్ళోనే బ్యాంకు తరఫున డబ్బు ఇచ్చే బ్యాంకు మిత్రలుగా శిక్షణ ముగించుకున్న మహిళల ముందు ఇచ్చిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు ప్రసంగం పెట్టినవాళ్ళ ధైర్యానికి ఇంకో నమస్కారం. ఎక్కువసేపు తీసుకోను.

నేను గ్రామీణ బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. కౌంటర్ దగ్గర నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న, "సార్, డబ్బులు పడ్డాయా?" పెన్షనైనా, ఉపాధి కూలైనా, గ్యాస్ రాయితీ అయినా ఇదే మాట. చేతికి నోట్లు ఇచ్చే రోజుల్లో "డబ్బులు వచ్చాయా" అనేవాళ్ళు. ఖాతాలు వచ్చాక డబ్బులు "పడటం" మొదలైంది. అయితే పడ్డ డబ్బు చేతికి అందాలంటే మధ్యలో ఇంకా కొంత దూరం ఉంది. రేపటి నుంచి మీరు కూర్చోబోయేది అక్కడే.

ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కొత్తలో కూలి డబ్బు ఎక్కువగా పోస్టాఫీసుల ద్వారా వచ్చేది. పని చేసిన నెలకు గానీ చేతికొచ్చేది కాదు. కూలీల పాసుపుస్తకాలు తమ దగ్గరే ఉంచుకుని, ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు కూడా మస్టర్‌లోకి, అంటే హాజరు పట్టీలోకి ఎక్కించిన పెద్దమనుషులూ ఉండేవాళ్ళు. ఆ తర్వాత ఫోటో, వేలిముద్రలతో స్మార్ట్ కార్డు వచ్చింది. కార్డుతో పాటు వేలిముద్ర చూసే మెషీన్ పట్టుకుని ఊళ్ళోనే కూర్చునే మనిషి కూడా వచ్చింది. ఆవిడ చాలా చోట్ల పొదుపు సంఘం మనిషే. ఒక రకంగా మీకు అక్కగారు.

2010 నుంచి 2012 దాకా 8 జిల్లాల్లోని 157 మండలాల్లో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు దీని మీద పరిశోధన చేశారు. ఏ మండలానికి ముందు కార్డులివ్వాలి అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించారు కాబట్టి, ఇచ్చినచోటినీ ఇవ్వనిచోటినీ పోల్చి చూడటం కుదిరింది. కార్డులిచ్చిన మండలాల్లో కూలి ఆరు నుంచి పది రోజులు ముందే అందింది. డబ్బు తెచ్చుకోవడానికి పట్టే టైము ఐదోవంతు తగ్గింది. మధ్యలో జారిపోయే సొమ్ము దాదాపు 40 శాతం తగ్గింది. నూటికి 90 మందికి పైగా పాత పద్ధతి కంటే ఇదే నయమన్నారు.

ఇంకో సంగతి కూడా ఉంది. నాకైతే అసలు సంగతి అదే. రెండేళ్ళ తర్వాత కూడా సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. కార్డు రానివాళ్ళకూ, వేలిముద్ర పడనివాళ్ళకూ మామూలుగా ఇచ్చే దారి మూసేయలేదు. హైదరాబాద్‌లో కూర్చుని చూస్తే ఇది బలహీనతలా కనిపిస్తుంది. నేను మాత్రం అందువల్లే ఆ పథకం బతికిందంటాను.

2024 మే నెల గుర్తుందా? ఎన్నికల నిబంధనల వల్ల ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు ఇంటికి తెచ్చిచ్చే పెన్షన్ అప్పటికే ఆగింది. చాలామందికి ఆ నెల బ్యాంకు ఖాతాలో వేశారు. కాగితం మీద అంతా డిజిటలే, క్షణంలో బదిలీ. బయటేమో ఎండలో క్యూలు. ఏళ్ళ తరబడి వాడక కొన్ని ఖాతాలు నిద్రపోతున్నాయి. కొందరికి పడ్డ 3,000లోంచి పాత చార్జీలు కోసుకున్నారు. జూలై 1న గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది మళ్ళీ ఇళ్ళకు వెళ్ళి నోట్లే లెక్కపెట్టి ఇచ్చారు. దీన్ని వెనక్కి నడవడం అంటారు కొందరు. మంచం దిగలేని ముసలాయనకు ఏది ముందో, ఏది వెనకో మనం చెప్పలేం.

రిటైరయ్యే ముందు ఒకావిడ వచ్చింది. క్యారీబ్యాగ్‌లోంచి మూడు పాసుపుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి జన్‌ధన్, ఒకటి సంఘం లోను కోసం, ఇంకొకటి పిల్లాడి స్కాలర్‌షిప్ కోసం తీసింది. ఆరు వారాల ఉపాధి కూలి మూడింట్లో ఎక్కడా లేదు. చివరికి తేలిందేమిటంటే, ఎప్పుడో సిమ్ కొన్నచోట వేలిముద్ర వేస్తే ఆవిడకు తెలియకుండానే నాలుగో ఖాతా తెరుచుకుంది. ఆధార్ చెల్లింపులో, చివరగా ఏ ఖాతా లింకైతే డబ్బు దాంట్లోకే పోతుంది. డబ్బులు ఎక్కడికీ పోలేదు, పడ్డాయి. కానీ ఎక్కడ పడ్డాయో ఆవిడకు చెప్పే మనిషే లేదు. ఆ ఖాతా వెతికి పట్టుకోవడానికి నాకే రెండు రోజులు పట్టింది, నేను బ్యాంకు లోపల కూర్చుని కూడా!

యూపీఐ గురించి నేను చెప్పక్కర్లేదు, మీ అందరి ఫోన్లలో ఉంది. మా వీధి చివర పూలమ్మే ఆవిడ బండికీ క్యూఆర్ స్టిక్కర్ ఉంది. చదువు రాదు కాబట్టి, మాట్లాడే పెట్టె వచ్చాకే ఆవిడకు ధైర్యం వచ్చింది. అంతకుముందు స్క్రీన్ చూపించి "వేశానమ్మా" అని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఒకరోజు "అమ్మా, ఖాతాలో ఎంతుంది?" అన్నాను. "అది అబ్బాయి ఖాతా సార్" అంది. పొద్దుటి నుంచి మూరలు కొలిచింది ఆవిడ, పెట్టె మోగింది ఆవిడ బండి మీదే, డబ్బు పడింది కొడుకు ఖాతాలో. సాయంత్రం రోజువారీ ఫైనాన్స్ మనిషికి నోట్లు కట్టాలంటే కొడుకుని అడగాలి. పూర్వం కొంగుకి ముడేసుకున్న డబ్బు ఎవరినీ అడగకుండా తీసేది. మీ ఊళ్ళో ఇలాంటి స్టిక్కర్లు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూడండి. ఆవిడ పేరు మీద ఖాతా ఉంటే, క్యూఆర్ దానికి మార్పించడం అరగంట పని.

చివరగా మీ చేతిలో ఉండే వేలిముద్ర మెషీన్ సంగతి. "పడలేదు, ఇంకోసారి వెయ్యమ్మా" అని రెండోసారి వేలు పెట్టించి, రెండుసార్లు డబ్బు లాగి ఒకసారే చేతిలో పెట్టినవాళ్ళను నేను చూశాను. వెయ్యికి పది చొప్పున పట్టుకునేవాళ్ళకైతే లెక్కే లేదు. మీరు ఆ పని చెయ్యరని తెలుసు. కానీ వచ్చిన మనిషికి మీరు చెయ్యలేదని తెలియాలి కదా! అందుకే ప్రతిసారీ స్లిప్పు ఇవ్వండి. చదవడం రాకపోతే బ్యాలెన్స్ పైకి చదివి వినిపించండి, పక్కవాళ్ళకు వినపడకుండా. పొలం పనుల్లో అరిగిపోయిన వేళ్ళు ఒక్కసారికి పడవు. తడిగుడ్డ ఒకటి దగ్గర పెట్టుకోండి, తుడిపించి ఇంకో వేలు ప్రయత్నించండి. మొదటిసారి ఫెయిలైందని స్క్రీన్ మీద చూపించాకే రెండోసారి వేలు అడగండి.

ఇక ప్రశ్నలుంటే అడగండమ్మా. భోజనం పది నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు.