కార్డ్ మారినప్పుడు ఏ స్వరం ఎటు వెళ్తోంది?

అందరికీ నమస్కారం.

గిటార్ పట్టిన ప్రతి ఒక్కరూ తొలి నెలల్లోనే సి, ఎ మైనర్, ఎఫ్, జి అనే నాలుగు కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, నేర్చుకుంటారు. ఎఫ్ దగ్గర కొంతకాలం చిక్కుబడతారు. చివరికి అదీ లొంగుతుంది. ఇక పాటకు తోడుగా వాయించడం వచ్చేసినట్టే అనిపిస్తుంది. అవే నాలుగు కార్డ్‌లను చెయ్యి తిరిగిన పియానో వాద్యకారుడు వాయిస్తుంటే ఒకసారి గమనించండి. అతని చెయ్యి ఉన్నచోటు నుంచి పెద్దగా కదలదు. కార్డ్ మారిన సంగతి చెవికి తెలుస్తుంది, మధ్యలో అతుకు మాత్రం వినిపించదు. మనం వాయిస్తే ఒక్కో కార్డ్ విడిగా వచ్చి పడుతుంది. ఈ తేడాకు కారణం వేగం కాదు, వాద్యం ఖరీదూ కాదు. కార్డ్‌లోని ఒక్కొక్క స్వరం తర్వాతి కార్డ్‌లో ఎక్కడికి వెళ్తోందో అతను చూస్తున్నాడు. మనం చేతి ఆకారాన్ని మాత్రమే చూస్తున్నాం. ఈ రోజు నేను మాట్లాడేది ఆ చూపు గురించే.

సి మేజర్ కార్డ్ అంటే సి, ఇ, జి అనే మూడు స్వరాలు. అడుగున సి ఉంటే రూట్ పొజిషన్, ఇ ఉంటే మొదటి ఇన్వర్షన్, జి ఉంటే రెండో ఇన్వర్షన్. పై స్వరాలు ఏ వరుసలో ఉన్నా ఈ పేర్లు మారవు. అడుగున ఏ స్వరం ఉన్నా కార్డ్ ఒకటేనన్న ఆలోచనను విస్తారమైన సిద్ధాంతంగా నిలబెట్టింది ఫ్రెంచ్ సంగీతకర్త జాఁ ఫిలిప్ రామో, 1722లో. ఆ కాలపు వాద్యకారులు వీటిని బేస్ స్వరం, అంటే అన్నిటికన్నా అడుగున మోగే స్వరం, మీద కట్టిన వేర్వేరు కూర్పులుగా చదివేవారు.

గిటార్ దగ్గరకు వద్దాం. మందపు తీగలు మూడింటినీ కాసేపు మరిచిపోండి. మూడో తీగ, రెండో తీగ, ఒకటో తీగ చాలు. ఫ్రెట్‌లను, అంటే గిటార్ మెడ మీది అడ్డ పట్టీల మధ్య గళ్లను, అదే వరుసలో అంకెలతో చెబుతాను. 5, 5, 3 పట్టుకుంటే సి, ఇ, జి వస్తాయి. ఇది రూట్ పొజిషన్. 9, 8, 8 పట్టుకుంటే ఇ, జి, సి. ఇది మొదటి ఇన్వర్షన్. 12, 13, 12 పట్టుకుంటే జి, సి, ఇ. ఈ రెండో ఇన్వర్షన్ మీకు కొత్తది కాదు. మొదటి వారంలో నేర్చుకున్న ఓపెన్ సి కార్డ్‌లో పై మూడు తీగల మీద మోగేవి ఇవే స్వరాలు, ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద.

చాలా పాఠాలు ఇక్కడే ఆగిపోతాయి. విద్యార్థి ఒకే కార్డ్‌ను మెడ పొడవునా పైకీ కిందికీ పరుగెత్తిస్తూ ఉంటాడు. వేళ్లకు అది మంచి వ్యాయామమే, నేను కాదనను. కానీ ఒక కార్డ్ నుంచి మరో కార్డ్‌కు దాటే చోట ఏం చేయాలో అది నేర్పదు. అసలు పని అక్కడే ఉంది.

ఇప్పుడు 5, 5, 3 పట్టుకోండి. మూడో తీగ మీద మధ్య వేలు, రెండో తీగ మీద ఉంగరపు వేలు, ఒకటో తీగ మీద చూపుడు వేలు. ఎ మైనర్‌కు వెళ్లాలి. దాని స్వరాలు ఎ, సి, ఇ. వీటిలో సి, ఇ మన చేతిలోనే ఉన్నాయి. లేనిది ఎ ఒక్కటే. ఒకటో తీగ 5వ ఫ్రెట్ మీద చిటికెన వేలు పెట్టండి, అంతే. మిగతా రెండు వేళ్లూ లేవకూడదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కార్డ్ మారుతోందనగానే చెయ్యంతా ఎత్తడం అందరికీ అలవాటు. ఎత్తిన క్షణంలో మూడు స్వరాలూ తెగిపోతాయి. ఎత్తకపోతే రెండు స్వరాలు మోగుతూనే ఉంటాయి, వాటి మీదుగా జి వెళ్లి ఎ అవుతుంది. వినండి.

తర్వాత ఎఫ్. స్వరాలు ఎఫ్, ఎ, సి. ఈసారి సి, ఎ నిలిచి ఉంటాయి. రెండో తీగ మీది ఇ ఒక్క ఫ్రెట్ జరిగి ఎఫ్ అవుతుంది. ఫ్రెట్‌లు 5, 6, 5.

జి దగ్గర కథ మారుతుంది. ఎఫ్‌కూ జికీ ఉమ్మడి స్వరం ఒక్కటీ లేదు, మూడూ కదలక తప్పదు. మొత్తాన్ని రెండు ఫ్రెట్‌లు పైకి జరిపి 7, 8, 7 పట్టుకోవచ్చు. అదీ జి కార్డే, తప్పేమీ కాదు. రాక్ సంగీతంలో పవర్ కార్డ్‌ల బలమంతా అలా కట్టగట్టుకుని జరగడంలోనే ఉంది. కానీ మనకు ఇక్కడ కావలసింది ఆ బలం కాదు. అడుగున మోగే బేస్ స్వరం ఎఫ్ నుంచి జికి ఎక్కుతుందనుకుంటే, పై స్వరాలను దించుదాం. సి ఒక ఫ్రెట్ దిగి బి, ఎఫ్ దిగి డి, ఎ దిగి జి. ఫ్రెట్‌లు 4, 3, 3. ఒకటి ఎక్కుతుంటే మిగతావి దిగడం వల్ల ప్రతి స్వరమూ విడిగా వినబడుతుంది. మళ్లీ సికి వచ్చేటప్పుడు పైనున్న జి కదలదు, బి ఒక ఫ్రెట్ ఎక్కి సిలో కలుస్తుంది, డి రెండు ఫ్రెట్‌లు ఎక్కి ఇ అవుతుంది. నాలుగు కార్డ్‌ల చుట్టు మొత్తం 3 నుంచి 6 వరకు ఉన్న ఫ్రెట్‌లలోనే పూర్తయింది.

నాకు ఎంతో ఇష్టమైనది మరొకటి ఉంది. మెడ మొదట్లోనే, 0, 1, 0 తో సి, 2, 1, 1 తో ఎఫ్, 0, 0, 1 తో జి సెవెన్ (జికి ఎఫ్ స్వరం చేర్చిన కార్డ్), తిరిగి సి. 0 అంటే వేలు పెట్టని ఖాళీ తీగ. ఆఖరి మలుపును నెమ్మదిగా వాయిస్తాను. బి ఒక్క ఫ్రెట్ ఎక్కి సి అవుతుంది, ఎఫ్ ఒక్క ఫ్రెట్ దిగి ఇ అవుతుంది, జి అలాగే ఉంటుంది. రెండు స్వరాలు ఎదురెదురుగా నడిచి సర్దుకుంటాయి. జి సెవెన్ తర్వాత సి వచ్చినప్పుడు మనసుకు కలిగే నెమ్మది ఈ రెండు చిన్న కదలికల నుంచే పుడుతోంది.

ఇక అడుగు స్వరం. సి తర్వాత జి, ఆ తర్వాత ఎ మైనర్ వచ్చే పాటల్లో, మధ్యలోని జికి అడుగున బి పెట్టి చూడండి. ఐదో తీగ మీద 3, 2, ఆ తర్వాత ఖాళీ తీగ. బేస్ మెట్లు దిగినట్టు వస్తుంది. జి, డి, ఇ మైనర్ వరుసలో డికి అడుగున ఎఫ్ షార్ప్ పెడితే ఆరో తీగ మీద సరిగ్గా అవే అంకెలు, 3, 2, ఖాళీ తీగ. కార్డ్ కాగితంలో ఇలాంటి అడుగు స్వరాన్ని జి/బి అన్నట్టు గీత పక్కన రాస్తారు, ఆ రెండో అక్షరాన్ని చాలామంది చూసీ వదిలేస్తారు. పాటలోని బేస్ నడక మొత్తం ఆ అక్షరంలోనే ఉండవచ్చు, దయచేసి వదలకండి.

బృందంలో వాయించేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఇన్వర్షన్‌ను నిర్ణయించేది గిటార్‌లోని అడుగు స్వరం కాదు, అందరి వాద్యాల్లోకీ అడుగున మోగే స్వరం. బేస్ గిటార్ సి పట్టుకుని ఉంటే, మీ మూడు తీగల మీద ఏది కింద ఉన్నా వినేవారికి అది రూట్ పొజిషనే. అందుకే మీకు అంత స్వేచ్ఛ. 1937 నుంచి దశాబ్దాల పాటు కౌంట్ బేసీ జాజ్ వాద్యబృందంలో రిథమ్ గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ చాలా తక్కువ స్వరాలతోనే పెద్ద బృందాన్ని నడిపించాడు. ఆరు తీగలూ మోగించాలన్న పట్టుదల మనకెందుకు?

సాధన ఎలాగో చెబుతాను. ఇందాకటి చుట్టులో రెండో తీగను మాత్రమే మీటుతూ గొంతు కలపండి. ఇ, ఇ, ఎఫ్, డి, ఇ. తర్వాత మూడో తీగ. సి, సి, సి, బి, సి. తర్వాత ఒకటో తీగ. జి, ఎ, ఎ, జి, జి. మూడూ పాడదగ్గ వరుసలే. ఏదైనా పాటలో ఇలా పాడుతుంటే గొంతు ఎక్కడైనా ఎగిరి దూకవలసి వస్తే, అక్కడ మరో ఇన్వర్షన్ వెతకండి. తరచుగా అది కొద్ది ఫ్రెట్‌ల దూరంలోనే దొరుకుతుంది.

ఇప్పుడు గిటార్లు తీయండి. జి, ఇ మైనర్, సి, డి. మొదటి ఆకారం 4, 3, 3. ఇ మైనర్‌కు కదలవలసింది ఒక్క స్వరమే, అది ఏ తీగ మీద ఉందో మీరే కనిపెట్టండి.